మూడుసార్లు ఎగిరిన ముల్లు

వరహాలమ్మ కుడిచేతి మూడు వేళ్ళకి వేడి తెలీదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. నలభై ఏళ్ళపాటు బెల్లం పాకంలో ముంచి తీసిన వేళ్ళవి. పెనం కుతకుతలాడుతుంటే పక్కన నిలబడి, వేళ్ళు చన్నీళ్ళలో తడుపుకుని, గబుక్కున పాకంలో పెట్టి తీసి, మళ్ళీ చన్నీళ్ళలో నలిపి చూసి, "దించండర్రా!" అని కేకేసేది. అనకాపల్లి చుట్టుపక్కల ఏ చెరకు గానుగ దగ్గరైనా ఆవిడ దించమన్న పాకం దిమ్మ కట్టకపోవడమన్నది లేదు. వేళ్ళకి వేడే తెలీకపోతే పాకం ఎలా తెలుస్తుందంటారేమో. సాగుడు తెలుస్తుంది. రెండు వేళ్ళ మధ్య పాకం ఎంత సాగి ఎక్కడ తెగుతోందో తెలిస్తే చాలు. వేడి సంగతి పొయ్యి చూసుకుంటుంది.

అందుకే కూతురు పైడితల్లికి చిన్నప్పుడు జ్వరం వస్తే అందరమ్మల్లా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది కాదు. వంగి చెంప ఆనించేది. పొగ వాసన, బెల్లం వాసన కలిసిన ఆ చెంప తగలగానే పిల్లకి సగం జ్వరం దిగిపోయేది.

"ఎంతుందమ్మా?" అనడిగేది పిల్ల.

"నా సెంపకి తెలిసినంత ఉంది."

"అంటే ఎంత?"

"ఓలమ్మా, దీనికి లెక్క కావాలట! పడుకోయే."

ఆ "ఎంత" అన్న మాటే పట్టుకుని పైడితల్లి చదువుకుంది. చదివి చదివి, విశాఖపట్నంలో వేడిని కొలిచే పనిముట్లు చేసే ఒక ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరింది. మొదటి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు సంచీలోంచి ఓ తీగ తీసి తల్లికి చూపించింది. నిజానికి ఒకటి కాదు, రెండు సన్నటి తీగలు. ఒకటి ఒక లోహం, రెండోది ఇంకో లోహం. కొస దగ్గర రెంటినీ మెలేసి అతికారు. రెండో చివర్న ఓ చిన్న చెక్కపెట్టె, అందులో ముల్లు.

"ఇది థర్మోకపులమ్మా. కొస వేడెక్కితే ఈ రెండు తీగల్లో ఇంతంటే ఇంత కరెంటు పుడుతుంది. దానికి ముల్లు కదులుతుంది. ఉక్కు కొలిమిలో ఇదే పెడతారు, గాజు బట్టీలో ఇదే, విమానం ఇంజన్లో ఇదే. మనిషి చెయ్యి పెట్టలేని చోటల్లా ఇదే."

"నాను పెడతన్నానుగా సెయ్యి," అంది వరహాలమ్మ. "మరి రెండు తీగలెందుకే? ఒకటి సాలదా?"

"ఒకే లోహమైతే పని చెయ్యదు. వేరు వేరువి కావాలి."

వరహాలమ్మ పకపకా నవ్వింది. "అర్థమైంది లేయే. తోడికోడళ్ళు. ఒకింటి అప్పాచెల్లెళ్ళని ముడేస్తే ఏటుంటాది, గుట్టుగా ఉంటారు. రెండిళ్ళ ఆడోళ్ళని తెచ్చి ఒక్క సోట ముడేసి మంట ఎట్టు, అప్పుడు సూడు, ఊరందరికీ తెలిసిపోద్ది."

పైడితల్లి కొసని పాకంలో ముంచింది. ముల్లు నూట పదహారు డిగ్రీల దగ్గర ఆగింది. తల్లి వేళ్ళు ముంచి తీసి, "ఇంకో రెండు పొంగులు రానీ" అంది. రెండు పొంగులొచ్చాక ముల్లు నూట పద్దెనిమిది మీద నిలబడింది, వరహాలమ్మ దించమంది. ఆరోజు ఆరు పెనాలు దిగాయి, ఆరుసార్లూ అదే లెక్క. కూతురు ముల్లు వంకా, తల్లి వేళ్ళ వంకా మార్చి మార్చి చూసింది.

ఇక్కడిదాకా లోకంలో ఉన్నదే. ఆ తర్వాతది పైడితల్లి కనిపెట్టింది.

ఒకే పోతలోంచి, ఒకే గడియలో చల్లార్చి లాగిన తీగ ఒకటి ఓ రోజు పరీక్షలో పుటుక్కున తెగింది. తెగిన ముక్క కొలిమిలో ఉండిపోయింది, ఈ ముక్క పైడితల్లి చేతిలో ఉంది. అయినా ముల్లు పడలేదు. కొలిమి వేడిని చెబుతూనే ఉంది. ఆ ముక్కని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. చెప్పింది. బస్సెక్కి భీమిలి తీసుకెళ్ళింది. అక్కడా చెప్పింది. నడుమ తీగ లేదు, ఏమీ లేదు. ఒక తల్లి కడుపున పుట్టిన కవలల్లో ఒకరికి దెబ్బ తగిలితే రెండోవారు ఉలిక్కిపడతారంటారు చూడండి, అలాగన్నమాట. అందుకే దానికి కవల తీగ అని పేరు పెట్టుకుంది.

ఒక కవలని తల్లికిచ్చింది, పాకం లెక్కలకని. రెండోది ప్రయోగశాలలో తన బల్ల మీద పెట్టుకుంది. రెండు వైపులా ముల్లు పెట్టెలే. ఇక్కడి కొసని వేడి చేస్తే అక్కడి ముల్లు కదులుతుంది, అక్కడి కొసని వేడి చేస్తే ఇక్కడిది. ఈ పరీక్ష రెండేళ్ళు నడిచింది గానీ, దాంతోపాటు ఇంకోటి కూడా నడిచింది. రోజూ మధ్యాహ్నం వరహాలమ్మ తీగ కొసని గుప్పెట్లో మూడుసార్లు పట్టి మూడుసార్లు వదిలేది. విశాఖపట్నంలో ముల్లు మూడుసార్లు ఎగిరేది.

"పైడితల్లీ, మీ అమ్మగారు గంట కొట్టారు. లే, అన్నం తిను," అని నవ్వేవారు పెద్దాఫీసరు పరాంకుశం గారు.

పైడితల్లి కూడా తన కొసని మూడుసార్లు పట్టి వదిలేది. అడిగినా అదే, జవాబూ అదే. తిన్నావా, తిన్నాను, నువ్వు తిను. ఎంత పనిలో ఉన్నా ఆ ముల్లు ఎగిరిందంటే వాళ్ళిద్దరిలో ఎవరైనా సరే చేతిలోది కింద పెట్టి లేచి అన్నానికి వెళ్ళాల్సిందే. వరహాలమ్మ పెట్టిన చట్టం అది.

ఆ తీగకి ఇంకో గుణం కూడా ఉంది. చిన్న బ్యాటరీ తగిలిస్తే ఊరికే కబురు చెప్పి ఊరుకోదు. ఒక కొస నుంచి వేడిని తోడి రెండో కొసలో పోస్తుంది. తోడిన వైపు చల్లబడిపోతుంది. దీన్ని పెద్దాఫీసరు ఎంతో మెచ్చుకున్నారు గానీ, దేనికి పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు పైడితల్లి నెల తప్పింది. ఏడో నెలలోనే నొప్పులొచ్చి, ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది వందల గ్రాములు. కిలో బెల్లం దిమ్మకి కూడా తూగని పిల్ల. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. నోట్లో గొట్టం, బొడ్డులో గొట్టం. చర్మం ఉల్లిపొర. పైడితల్లికి రక్తం బాగా పోయి, చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు కప్పుకుని, చక్రాల కుర్చీలో ఆ పెట్టె పక్కనే కూర్చుంది. మూడో రోజు తెల్లారేసరికి తుపాను తీరం మీద పడింది.

ఆ గాలి గురించి చెప్పడానికి మాటలు చాలవు. కిటికీ రెక్కలు కాగితాల్లా ఎగిరిపోయాయి. ఊరంతా కరెంటు పోయింది. ఆసుపత్రి జనరేటరు గదిలోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయి. పైడితల్లి భర్త సన్యాసిరావు కరెంటు లైన్‌మన్. అందరిళ్ళకీ వెలుగు తేవడానికి తెల్లారకుండానే వెళ్ళిపోయాడు.

వార్డులో మిగతా పిల్లలు కాస్త పెద్దవాళ్ళు. వాళ్ళని తల్లుల గుండెల మీద పెట్టి చీరలతో కట్టేశారు. ఈ పిల్ల మాత్రం కదిపే రకం కాదు. గొట్టాలు ఊడితే ఊపిరి లేదు. నర్సు సువార్తమ్మ పెట్టె కంతలోంచి చెయ్యి పెట్టి, రబ్బరు తిత్తిని నొక్కుతూ ఊపిరి పోస్తోంది. పెట్టెలో వేడి మాత్రం దిగిపోతోంది. వేడినీళ్ళ సీసాలు పెట్టారు. గ్యాసు అయిపోయింది, అవీ చల్లారాయి.

"ముప్పై నాలుగు," అంది సువార్తమ్మ పిల్ల ఒంటి లెక్క చూసి. కాసేపటికి, "ముప్పై మూడున్నర."

పైడితల్లి కంతలో చేతులు పెట్టబోయింది. సువార్తమ్మ ఆ చేతులు పట్టుకుని చూసి, "అమ్మా, నీ చేతులే మంచుముద్దలు. నువ్వు తాకితే ఉన్న వేడి కూడా పోతుంది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసు నుంచి నొప్పులతో వచ్చినప్పటి సంచీ మంచం కిందే ఉంది. వస్తూ బల్ల మీంచి తీసి వేసుకున్న కవల తీగ, ముల్లు పెట్టె, బ్యాటరీ అందులోనే ఉన్నాయి. రెండో కవల తల్లి దగ్గరుంది. ఫోను చేస్తే దేవుడి దయ, మోగింది.

"అమ్మా! ఎక్కడున్నావు?"

"పిల్లల బళ్ళో ఉన్నామే. పాక లేచిపోయింది. గానుగోళ్ళమందరం ఇక్కడే. పొయ్యిలో సెరువంత నీరు. పసిగుంట ఎలాగుందే?"

"తీగ నీ దగ్గరుందా?"

"పెట్టితో సహా ఒళ్ళోనే ఉంది. నా పేణం అది."

"కొస గుప్పెట్లో పట్టుకోమ్మా. ఇక్కడ బ్యాటరీ వేస్తాను. నీ ఒంటి వేడి పాపకి వస్తుంది. నిప్పు దగ్గర పెడితే కాలుతుంది గానీ, మనిషి ఒళ్ళు ఎవర్నీ కాల్చదు. చెయ్యి చల్లబడి నొప్పి పుట్టగానే ఇంకొకరికి ఇచ్చెయ్యి. వింటున్నావా? నొప్పి పుట్టగానే..."

"ఇదేటే, ఇంత సిన్న పనికి..." అంటూండగానే ఫోను తెగిపోయింది. మళ్ళీ మోగలేదు.

పైడితల్లి కొసని మెత్తటి గుడ్డలో చుట్టింది. సువార్తమ్మ దాన్ని పిల్ల వీపు కిందికి జరిపింది. ముల్లు ముప్పై నాలుగు చూపించింది. తల్లి చెయ్యి అది. నలభై కిలోమీటర్ల అవతల, బళ్ళో, కూలిన చెట్ల వెనక ఉన్న చెయ్యి. గంట తిరక్కుండా పిల్ల ఒళ్ళు ముప్పై అయిదుకొచ్చింది. ఇంకో అరగంటకి ముప్పై ఆరు. పాలిపోయిన పెదాల్లో రంగు కనిపించింది.

"స్తోత్రం," అంది సువార్తమ్మ, తిత్తి నొక్కడం ఆపకుండానే.

పైడితల్లి కన్నీళ్ళు తుడుచుకుని ముల్లు చూసింది. ఇరవై ఎనిమిది. సరే, చెయ్యి చల్లబడుతోంది, ఇప్పుడు మారుస్తారు. పదిహేను. మారుస్తారు. ఆరు. చెయ్యి మారితే కొత్త చేతి వేడికి ముల్లు పైకి ఎగరాలి. ఒక్కసారి కూడా ఎగరలేదు. పాకం గరిట మీంచి జారినట్టు నిదానంగా, ఆగకుండా కిందికి దిగుతోంది. రెండు.

నొప్పి పుట్టగానే ఇచ్చెయ్యమని చెప్పింది. ఎవరికి చెప్పింది? ఏ వేళ్ళకి చెప్పింది?

నుదుటి మీద ఆనిన చెంప జ్ఞాపకమొచ్చింది. పొగ వాసన, బెల్లం వాసన. అమ్మ ఎందుకు చెయ్యి వేసేది కాదో లోకంలో అందరికంటే బాగా తెలిసినది తనకే. ఊళ్ళో వేడంతా కొలిచే మనిషి, ఆ ఒక్క లెక్కా మర్చిపోయింది.

"పాప బాగుంది కదమ్మా, ఇంకా ఏడుస్తావేం?" అంది సువార్తమ్మ.

"మా అమ్మ చెయ్యి చచ్చిపోతోంది సిస్టర్. ఆవిడకి తెలీదు. తెలియజెప్పే దారి లేదు."

"తీగ తీసేస్తే?"

"చెయ్యి బతుకుతుంది. మరి ఇది?"

రబ్బరు తిత్తి ఉస్సు ఉస్సుమంటోంది. ముల్లు సున్నా దాటి కిందికి, మైనస్ మూడు దగ్గరుంది. ఒక కొసన అమ్మ, ఒక కొసన బిడ్డ. నడుమ తను, బ్యాటరీ మీట మీద వేలు పెట్టుకుని. ఆ క్షణంలో పైడితల్లి ఏ దేవతకి మొక్కుకుందో అనకాపల్లి నూకాలమ్మకే తెలియాలి.

గోడ మీద గడియారం పన్నెండు దాటింది. రోజూ ఈ పాటికి ముల్లు మూడుసార్లు ఎగరాలి.

పైడితల్లి తలెత్తింది. "సిస్టర్, మూడు నిమిషాలు తీగ తీస్తే పాప ఓర్చుకుంటుందా?"

"మూడు నిమిషాలంటే..." సువార్తమ్మ పిల్ల వంక చూసింది. "అరడిగ్రీ పోవచ్చు. మూడంటే మూడే. నాలుగో నిమిషం నేనొప్పుకోను."

బ్యాటరీ ఊడదీసింది. పిల్ల వీపు కింద నుంచి తీగ లాగింది. తన చేతులు మంచు, అవి పట్టుకుంటే అమ్మ దగ్గర ముల్లు కదలదు. నోరు మాత్రం జ్వరంతో కాలిపోతోంది. కొసని నాలుక కింద పెట్టుకుంది. ముప్పై లెక్కపెట్టి తీసింది. తడి గుడ్డతో చల్లార్చింది. మళ్ళీ నాలుక కింద. మళ్ళీ తీసింది. మళ్ళీ. మూడు.

"ముప్పై అయిదు పాయింట్ అయిదు," అంది సువార్తమ్మ. "పెట్టెయ్యమ్మా, పెట్టెయ్!"

తీగ పిల్ల వీపు కిందికి పోయింది. బ్యాటరీ వేసింది. ముల్లు మైనస్ నాలుగు. నాలుగే. అమ్మ చూసిందో లేదో. చీకటి బళ్ళో ముల్లు పెట్టె ఏ మూల పడేసిందో. మైనస్ నాలుగు.

ఉన్నట్టుండి ముల్లు గదిగాలి వేడికి లేచింది. అంటే తీగ కింద పెట్టేశారు. పైడితల్లి ఒకటి, రెండు, మూడు... పదిదాకా లెక్కపెట్టింది.

ముల్లు ఎగిరింది. ముప్పై మూడు! అమ్మ చెయ్యి కాదది. కొంచెం తడబడుతూ, గట్టిగా పట్టుకున్న కొత్త చెయ్యి. పది నిమిషాలకి ఇరవై ఆరుకి దిగి, మళ్ళీ ఎగిరింది. ముప్పై నాలుగు. అది ఇంకోరిది. మళ్ళీ ముప్పై రెండు. చన్నీళ్ళలో పనిచేసిన చెయ్యి కాబోలు. మళ్ళీ ముప్పై అయిదు. బాలింత చెయ్యేమో.

ఆ మధ్యాహ్నమంతా ముల్లు ఎగిరి దిగుతూనే ఉంది. పైడితల్లి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదకొండు చేతులు. ఏ చెయ్యి ఎవరిదో తెలీదు గానీ, ఏ చెయ్యి ఎప్పుడు మారిందో తెలుస్తూనే ఉంది. పొద్దు వాలే వేళకి జనరేటరు గదిలో నీళ్ళు తోడేశారు. పెట్టెలో దీపం వెలిగింది. అప్పటికి పిల్ల ఒళ్ళు ముప్పై ఆరున్నర.

మూడో నాటికి దారులు తెరుచుకున్నాయి. వరహాలమ్మ చెరకు ట్రాక్టరెక్కి, చేతికి నూనెగుడ్డ చుట్టుకుని దిగింది. దిగీ దిగగానే మొదలుపెట్టింది.

"ఒలే, ఏటనుకున్నావే నన్ను? లోకం మునిగిపోతంటే నీకు నా అన్నం గొడవేటి? ఆ మూడు వేళ్ళతోనే కొస పట్టుకుని, సెయ్యి కొంగులో దాసుకుని కూకున్నాను, వేలు మొద్దుబారితే ముసలితనమే అనుకున్నాను. మూడుసార్లు ముల్లు ఎగిరింది. ఎర్రి గుంట, తినమంటంది అనుకున్నాను. సరే, మాట మాటే కదా. అటుకులుంటే నాలుగు నోట్లో ఏసుకుందామని, తీగ కాసేపు పట్టవే అని పక్కనున్న నరసమ్మకిచ్చాను. అది కెవ్వుమంది! 'ఓలప్పా, ఇది మంచుగడ్డ! ఏదీ, నీ సెయ్యి సూపించు!' అని తీగ కింద పడేసి నా కొంగు లాగింది. సూస్తే ఏముంది, మూడు వేళ్ళూ తెల్ల కొవ్వొత్తులు. ఆపైన నన్ను ముట్టుకోనిచ్చారా? బడంతా వరస కట్టేసారు. ఒకర్తి తర్వాత ఒకర్తి. అటుకులు కూడా వాళ్ళే తినిపించారు నాకు."

పైడితల్లి ఆ గుడ్డ విప్పి చూసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బావురుమంది. "నేను మర్చిపోయానమ్మా. నీ వేళ్ళ సంగతి..."

"నువ్వు కాదే, నానే మర్సిపోయాను," అంది వరహాలమ్మ. "వాటికి ఏడి తెలీదని తెలుసు. సలి కూడా తెలీదని ఎవరికి తెలుసు?"

చూపుడువేలు, నడిమివేలు కొసలు బతకలేదు. డాక్టర్లు ఒక్కో కణుపు తీసేశారు. ఆ తర్వాత పెనం దగ్గర నిలబడి వేళ్ళ మధ్య పాకం సాగదీసి చూడడం ఆవిడ వల్ల కాలేదు. బొటనవేలు ఒక్కటీ ఏం చేస్తుంది, పట్టడానికి జోడు కావాలి కదా. మొదటిసారి పెనం దించే వేళకి ఆవిడ పాక వెనక్కి వెళ్ళి, అటు తిరిగి నిలబడిందని నరసమ్మ తర్వాత చెప్పింది. ఇప్పుడు పాకంలో మామూలు థర్మోకపులే ఉంటుంది. నూట పద్దెనిమిది రాగానే దించేస్తారు. వరహాలమ్మ పీట మీద కూర్చుని, "ఇంకో పొంగు" అని సణుగుతుంది. ఒక్కోసారి ఆ పొంగు నిజంగానే కావాల్సి వస్తుంది.

ప్రయోగశాలలో పరాంకుశం గారు కవల తీగని ఆసుపత్రులన్నిటికీ ఇద్దామని ఉత్సాహపడ్డారు. పైడితల్లి ఒక్కటే పట్టుబట్టింది. "తీసుకునే వైపు ఏమున్నా లేకపోయినా, ఇచ్చేవైపు గంట ఉండాలి సార్. చెయ్యి చల్లబడితే అదే మోగాలి, అదే ఆగిపోవాలి. నొప్పి పుడితే చెప్పమని మనిషికి వదిలెయ్యకూడదు. ఇచ్చేవాళ్ళు చెప్పరు." గంట పెట్టేదాకా ఒక్క తీగ కూడా బయటికి పోనివ్వలేదు.

పిల్లకి హిమజ అని పేరు పెడదామన్నాడు సన్యాసిరావు. వరహాలమ్మ కర్ర తీసింది. "దాన్ని సలి నోట్లోంచి లాక్కొస్తే, సలి పేరే ఎడతావేట్రా అల్లుడూ!" చివరికి దీపిక అన్నారు.

పిల్లకి ఏడో నెల వచ్చాక పైడితల్లి మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది. పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి రావడం అదే మొదటిసారి. పొద్దుట్నుంచీ ఏ పని మీదా మనసు నిలవలేదు. బల్ల మీద కవల తీగ ఉంది, పెట్టెలో ముల్లు కదలకుండా పడుంది. పన్నెండయింది. పన్నెండుంపావు అయింది.

ముల్లు ఎగిరింది. ముప్పై నాలుగున్నర.

పైడితల్లి తడుముకుంది. అమ్మ గుప్పెట ఇప్పుడు ఇంత వెచ్చగా ఉండదు. కొసలు తెగిన ఆ చెయ్యి ఇరవై తొమ్మిది దాటి ఎప్పుడూ చూపించలేదు. రెండోసారి ఎగిరింది. అదే లెక్క. మెత్తగా, నిలకడగా, ఎక్కడో చిన్నప్పుడు తెలిసిన వేడి.

చెంప. అమ్మ తీగని చెంపకి ఆనించుకుంది.

మూడోసారి ముల్లు ముప్పై నాలుగున్నర దగ్గర ఆగలేదు. ఇంకాస్త పైకి, ముప్పై ఆరుకి వెళ్ళి, అటూ ఇటూ ఊగి, పడి, మళ్ళీ లేచింది. అది పెద్ద చెంప కాదు. కుదురుగా ఉండని, ఇంకా ఉల్లిపొర మెరుపు పోని చిన్న చెంప.

బ్యాటరీ లేదు. ఎవరి వేడీ ఎవరూ తోడుకోవడం లేదు. పైడితల్లి తన కొస తీసి చెంపకి ఆనించుకుంది. ఒకటి, రెండు, మూడు. తర్వాత చేతిలో కాగితాలు కింద పెట్టి, అన్నం డబ్బా మూత తీసింది.